ఇంటి కుందేలు, చేని కుందేలు

నారాయణపేటలో తెలుగు, కన్నడము, మరాఠీ మూడును వినవచ్చును. మనము కుందేలను జంతువును కన్నడిగులు మొల యనియు, మరాఠీవారు ససా యనియు పిలుతురు. పేర్లు మూడైనను చిక్కొక్కటే: ప్రతి భాషయు ఇంట పెంచుదానికిని, చేలలో పరుగెత్తుదానికిని ఒకే పేరిడినది. అవి రెండును వేఱు జాతులు.

పంచతంత్రమున సింహమును బావిలో దుమికించినది మన చేని కుందేలే. ఇంటి కుందేటి పుట్టినిల్లు ఐరోపాలోని ఐబీరియా ద్వీపకల్పము. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దముననే రోమను పండితుడు వర్రో స్పెయినునందలి యీ జాతిని పేర్కొనెను. ఇంటి కుందేళ్లన్నిటికిని మూలమీ జాతియే యని 1868లో డార్విను వివరించెను.

ఇది బొరియలు త్రవ్వి గుంపుగా బ్రదుకును. కావుననే మనుష్యుల చెంత కుదురుకొన్నది. అపాయము తోచినచో వెనుకకాలితో నేలను కొట్టి తోడివానిని హెచ్చరించును. దంతములు జీవితాంతము పెరుగుచుండును గనుక వానిని అరుగదీయు గడ్డియే దీనికి ముఖ్యాహారము.

చేని కుందేలు బొరియ త్రవ్వదు. పొదమాటున ఒంటిగా నుండును. ఇంటి కుందేటి పిల్లలు కన్నులు మూసికొని, రోమములు లేక పుట్టును. దీని పిల్లలు కన్నులు తెఱచి, రోమములతో పుట్టును. తల్లి వానిని పొదలో విడిచి, పాలిచ్చుటకు మాత్రమే వచ్చును. అట్టి పిల్లను దిక్కులేనిదని జాలిపడి యింటికి దెచ్చుట తల్లినుండి దొంగిలించుటయే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును దానిని పట్టరాదన్నది.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదింపక, పేరొకటైనను ప్రాణులు రెండని గ్రహింతము. పెంచగోరువారు ఇంటి జాతినే పెంచుడు. చేని పిల్లను చేనిలోనే యుండనిండు.