అలాయ్ చక్రాలు మార్చాక కారు వణుకుతోందా? ముందుగా మధ్య రంధ్రం కొలత చూడాలి

కంపెనీ ఇచ్చిన ఉక్కు చక్రాలను తీసివేసి, బయటి మార్కెట్‌లో దొరికే అలాయ్ చక్రాలను బిగించుకోవడం దేశమంతటా సాధారణమైంది. అయితే కొన్ని కార్లు నగర వీధుల్లో సాఫీగా సాగినా, రహదారిపై గంటకు 80 కిలోమీటర్లు దాటగానే వణకడం మొదలుపెడతాయి. యజమాని టైర్ల దుకాణంలో బ్యాలెన్సింగ్ చేయిస్తాడు. యంత్రం సున్నా చూపుతుంది. రహదారి ఎక్కగానే వణుకు మళ్లీ వస్తుంది. ఇటువంటి సందర్భాల్లో లోపం తరచుగా చక్రంలోనో టైరులోనో కాక, చక్రం కారుకు అమరిన తీరులో ఉంటుంది.

కేంద్రం తప్పితే వణుకు

చక్రాన్ని బిగించే భాగమైన హబ్ నడుమ గుండ్రని ఉబ్బు ఉంటుంది. చక్రం మధ్య రంధ్రం దానిపై ఖాళీ లేకుండా కూర్చునేలా కార్ల తయారీదారులు రూపొందిస్తారు. చక్రాన్ని నడిమధ్యన నిలిపేది ఈ అమరికే. ఈ కొలత మారుతీ స్విఫ్ట్‌కు 54.1 మిల్లీమీటర్లు, హోండా సిటీకి 56.1, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 57.1. బయటి తయారీదారులు ఒకే చక్రం అనేక కార్లకు సరిపోవాలన్న ఉద్దేశంతో రంధ్రాన్ని పెద్దదిగా, తరచుగా 73.1 మిల్లీమీటర్లుగా ఉంచుతారు.

అటువంటి చక్రాన్ని స్విఫ్ట్‌కు తొడిగితే చుట్టూ 9.5 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. చక్రాన్ని కేంద్రంలో నిలిపే భారమంతా నట్లపైనే పడుతుంది. ఒక నట్టును ముందే గట్టిగా బిగిస్తే చక్రం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఈ కారు చక్రం సెకనుకు సుమారు 14 సార్లు తిరుగుతుంది. ఆ వేగంలో వెంట్రుకవాసి తేడా కూడా చేతికి తెలిసే వణుకవుతుంది.

బ్యాలెన్సింగ్ యంత్రం సాధారణంగా చక్రాన్ని మధ్య రంధ్రం ఆధారంగానే పట్టుకుంటుంది. కారుపై అదే చక్రం నట్ల ఆధారంగా నిలుస్తుంది. అందుకే యంత్రంపై కనిపించని లోపం రహదారిపై బయటపడుతుంది.

హబ్ రింగుతో పరిష్కారం

ఈ ఖాళీని పూరించే సన్నని వలయమే హబ్ రింగు. దాని వెలుపలి కొలత చక్రం రంధ్రానికి, లోపలి కొలత హబ్ ఉబ్బుకు కచ్చితంగా సరిపోవాలి. స్విఫ్ట్ ఉదాహరణలో అవి 73.1, 54.1. ప్లాస్టిక్ రింగులు చవక, తుప్పు పట్టవు. ఘాట్ రోడ్లపై బ్రేకుల వేడికి నాసిరకం ప్లాస్టిక్ మెత్తబడే ప్రమాదం ఉంది. అల్యూమినియం రింగులు వేడిని తట్టుకుంటాయి కానీ హబ్‌కు అతుక్కుపోవచ్చు. చక్రాన్ని కేంద్రంలో నిలపడమే రింగు పని. కారు బరువును మోసేది నట్ల బిగింపు వల్ల హబ్‌కూ చక్రానికీ మధ్య ఏర్పడే పట్టు.

నట్ల విషయంలో అజాగ్రత్త ప్రాణాంతకం

హోండా కార్ల అసలు నట్ల అడుగు భాగం గోళాకారంలో ఉంటుంది. బయటి అలాయ్ చక్రాలు చాలావరకు 60 డిగ్రీల శంకువు ఆకారపు నట్ల కోసం తయారవుతాయి. ఒకదానికి మరొకటి వాడితే నట్టు పూర్తిగా ఆనదు. ప్రయాణంలో వదులై చక్రమే ఊడిపోవచ్చు.

స్టడ్‌ల కేంద్రాలను కలిపే వృత్తపు వ్యాసాన్ని పీసీడీ అంటారు. పాత ఫియట్ పాలియోకు అది 98 మిల్లీమీటర్లు, స్విఫ్ట్‌కు 100. తేడా 2 మిల్లీమీటర్లే కావడంతో బలవంతంగా బిగించే ప్రయత్నాలు జరుగుతుంటాయి. అలా బిగిస్తే స్టడ్‌లు వంగి, కాలక్రమంలో విరిగే ముప్పు ఉంది. ఈ లోపాన్ని ఏ రింగూ సరిచేయలేదు.

బిగించే విధానం

హబ్ ముఖంపై తుప్పును తీగ బ్రష్‌తో శుభ్రం చేయాలి. రింగు అమర్చి, కారు జాకీపై ఉండగానే నట్లను చేతితో తిప్పాలి. ఆపై ఎదురెదురు నట్లను వరుసగా కొద్దికొద్దిగా బిగించాలి. చక్రం నేలను తాకిన తరువాత టార్క్ రెంచ్‌తో, యజమాని పుస్తకంలో ఇచ్చిన కొలతకు పూర్తి బిగింపు ఇవ్వాలి. ఎయిర్ గన్‌తో ఒక్కసారిగా బిగించడం తగదు. సుమారు 100 కిలోమీటర్లు నడిచాక బిగింపును మరోసారి పరీక్షించాలి.

వణుకు తగ్గకపోతే

బ్రేకు వేసినప్పుడే వణుకు వస్తే బ్రేకు డిస్కులను అనుమానించాలి. స్టీరింగ్ అదిరితే ముందు చక్రాలను, సీటు అదిరితే వెనుక చక్రాలను ముందుగా చూడాలి. గుంతల్లో పడి అంచు వంగిన చక్రం, లోపల పేరుకున్న బురద, ఊడిపోయిన సీసపు తూకాలు కూడా కారణాలు కావచ్చు. పాత చక్రాలను తిరిగి బిగించి అదే రహదారిపై నడిపితే, లోపం కొత్త చక్రాలదో కాదో తేలిపోతుంది.

మన దేశంలో అలాయ్ చక్రాల పరీక్షలకు ఏఐఎస్-073 ప్రమాణం ఉంది. కొనేటప్పుడు దాని ప్రకారం ధ్రువీకరణ ఉందా, పీసీడీ, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్, నట్టు ఆకారం తమ కారుకు సరిపోతాయా అని అడిగి తెలుసుకోవాలి. వణుకుతున్న కారును అలాగే నడపడం మంచిది కాదు. నట్లు వదులవుతున్నాయనడానికి అదే తొలి సూచన కావచ్చు.