లేత్‌పై ఉపరితల నునుపు

లేత్ (పాత తెలుగు మాట తరిమెన) యంత్రముపై తిప్పి కోసిన లోహపు వస్తువు పైభాగము ఎంత నున్నగా వచ్చినదో తెలుపు గుణమును ఉపరితల నునుపు అందురు. దీనిని మైక్రానులలో కొలుస్తారు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. సాధారణ లేత్ పనిలో సగటు గరుకుదనము 1.6 నుండి 6.3 మైక్రానుల వరకు ఉండును.

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో (2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయినది) వ్యవసాయము ఎక్కువగా లోతైన గొట్టపుబావులపై ఆధారపడి ఉన్నది. అందుచేత చిన్న లేత్ షాపులకు మోటారు, పంపు మరమ్మతులు ముఖ్యమైన పని. షాఫ్టు గరుకుగా ఉన్నచో బుష్ త్వరగా అరుగును, షాఫ్టు ఊగును, చివరకు రోటరు స్టేటరుకు తగిలి వైండింగ్ కాలిపోవును. వందల అడుగుల లోతునుండి మోటారును మరల పైకి తీయు ఖర్చు రైతుదే.

== గీతలను బట్టి కారణము ==
మరచుట్టు వలె సమాన దూరములో గీతలుంటే అవి ఫీడు గుర్తులు. వీటి ఎత్తు సుమారుగా ఫీడు వర్గమును టూల్ ముక్కు వ్యాసార్థమునకు 8 రెట్లతో భాగించగా వచ్చును. ముక్కు 0.4 మి.మీ., ఫీడు 0.2 మి.మీ. అయితే ఎత్తు 12.5 మైక్రానులు. ఫీడు సగమైతే 3.1 మైక్రానులే.

చింపినట్లు గరుకుగా ఉంటే కోయబడిన లోహము టూల్ అంచుకు అతుక్కొనుచున్నదని అర్థము. మెత్తని ఉక్కులో ఇది తరచు జరుగును. ఏటవాలు అలలు కనిపించి, యంత్రము కూత పెట్టినచో అది అదురు (చాటరింగ్).

== పాత లేత్‌తో చిక్కు ==
చాలామంది ముందుగా కార్బైడ్ టిప్పు కొంటారు. పాత బెల్టు లేత్‌కు ఇది సాధారణముగా సరైన మార్గము కాదు. 25 మి.మీ. షాఫ్టును నిమిషానికి 120 మీటర్ల వేగముతో కోయుటకు సుమారు 1,500 చుట్లు కావలెను. అంత వేగము చాలా పాత యంత్రములలో లేదు. హైస్పీడ్ స్టీల్ టూల్‌కు 30 మీటర్లు, అనగా 380 చుట్లు చాలును. దానిని గ్రైండింగ్ చేసి వదలక, అంచును ఆయిల్ స్టోన్‌పై నూరవలెను. చివరి కోతలో కటింగ్ ఆయిల్ తప్పనిసరి.

అదురు వచ్చినచో వేగము తగ్గించి, ఫీడు కొంచెము పెంచవలెను. టూల్ బయటకు పొడుచుకొని ఉండరాదు. దాని అంచు కేంద్రపు ఎత్తులోనే ఉండవలెను. పొడవైన షాఫ్టుకు టెయిల్‌స్టాక్ ఆధారము ఇవ్వవలెను. తరువాత జిబ్ పట్టీలు, స్పిండిల్ బేరింగులు చూడవలెను. ఇక్కడొక ఇబ్బంది కలదు: పొట్టి పనులే ఎక్కువగా జరుగుటవలన బెడ్ చక్ దగ్గర ఎక్కువ అరిగి ఉండును. అక్కడికి సరిపోవునట్లు క్యారేజి జిబ్ బిగిస్తే, అరగని చివరలో అది కదలదు. పూర్తి పరిష్కారము బెడ్‌ను మరల గ్రైండింగ్ చేయించుటయే. అంతవరకు మధ్యస్థముగా బిగించి పని జరుపుకొంటారు.

== ఎమరీ కాగితము ==
ఎమరీతో మెరుపు వచ్చును గాని, వంకర, కోణము సరికావు. రాలిన ఎమరీ పొడి బెడ్‌ను అరగదీయును, కనుక బెడ్‌పై కాగితము పరచవలెను. ఎమరీ గుడ్డను తిరుగుచున్న షాఫ్టు చుట్టూ చుట్టి పట్టుకొనరాదు. అది ఒక్కసారిగా బిగుసుకొని వేళ్లను లోనికి లాగును. చేతి గ్లౌజులు, వదులు చొక్కా చేతులు కూడా ఇట్లే ప్రమాదకరము.