పోగు కనిపించే చూపు: కంటి మార్పిడుల సింహావలోకనం

షోలాపూర్ నీలం నగర్‌లో చూపు బాగుందంటే తెగిన పోగు దొరకబుచ్చుకుని ముడి వేయగలిగినట్టు. నిజాం ఇలాకా పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలీల ఇళ్లలో చద్దర్లూ తువ్వాళ్లూ నేసే సాంచ ముందు కన్ను మసకబారితే కూలి తగ్గుతుంది. అందుకే కంటి ఆపరేషన్ల చరిత్రను ఈ వాడ నుంచి చూస్తే నాకు ఒకటే ప్రశ్న తోస్తుంది: ఐదేళ్ల తర్వాత ఆ కన్ను ఎలా ఉంది?

సుశ్రుతుని కాలంలో శుక్లాన్ని పక్కకు నెట్టేవారు. 1747లో ఫ్రాన్సులో జాక్ దవియెల్ దాన్ని బయటికే తీశాడు. ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు శుక్లం తీయించుకున్న వాళ్లకు సోడాబుడ్డి అద్దాలే దిక్కు. అవి పగిలిన రోజున చూపు మళ్లీ పోయినట్టే. 1949 నవంబరు 29న లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలిసారి కంట్లో లెన్స్ అమర్చాడు. యుద్ధవిమానాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో దిగినా పెద్దగా వాపు రాకపోవడం ఆయనకు దారి చూపింది. మొదటి లెన్స్ శక్తి లెక్క తప్పింది, తోటి వైద్యులు ఏళ్ల తరబడి ఎదురు తిరిగారు. 1992లో మదురైలో ఆరోల్యాబ్ చవక లెన్సులు చేయడం మొదలుపెట్టాక గానీ అది పేదల కంటికి చేరలేదు. అయితే మామూలు లెన్స్ ఒకే దూరానికి కుదురుతుంది. దూరం తేటగా కనిపిస్తుంది, పోగు చూడాలంటే అద్దాలు కావాలి. ఈ మాట నేతపనివాడికి ఆపరేషన్‌కు ముందే చెప్పాలి.

కంటి ముందుండే పారదర్శక పొర అయిన కార్నియా కథ ఇంకా కఠినం. 1905 డిసెంబరు 7న నేటి చెక్ దేశంలోని ఓలొమౌట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్, సున్నం పడి చూపు పోయిన ఓ కూలీ రెండు కళ్లకూ కార్నియా అతికాడు. ఒక్క కన్నే నిలిచింది. ఆ కూలీ మళ్లీ పనికి వెళ్లాడు. మనవైపు హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను, 1989లో రామాయమ్మ నేత్రనిధిని నెలకొల్పారు. ఆ సంస్థ వైద్యులు 1997లో తమ 1,700కు పైగా మార్పిడుల లెక్కను దాచకుండా ప్రకటించారు. ఏడాదికి దాదాపు 80 శాతం నిలిచాయి, ఐదేళ్లకు 46.5 శాతమే. కార్నియా శంకువులా సాగే జబ్బులో 95 శాతం దాకా నిలిస్తే, ఒకసారి విఫలమై రెండోసారి అతికిన వాటిలో 21 శాతమే మిగిలాయి. ఇంత నిజాయితీ నాకు పూజనీయంగా అనిపిస్తుంది.

కార్నియా మార్పిడి కోసం, కంట్లో పువ్వు పడేంతగా పుండు ముదిరాక వచ్చే రోగులే మన దేశంలో ఎక్కువ. మార్పిడి అవసరం కావడానికి ఇంకో కారణం మరీ బాధాకరం. కార్నియా లోపలి పొర కణాలు ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. శుక్లం ఆపరేషన్‌లో అవి దెబ్బతింటే కార్నియా ఉబ్బి తెల్లబడుతుంది. అలా లెన్స్ కోసం వెళ్లిన మనిషి చివరికి కార్నియా కోసం వరసలో నిలబడతాడు. 1998 నుంచి నేత్రవైద్యుడు హెరిట్ మెల్లెస్ అభివృద్ధి చేసిన పలుచని పొరల మార్పిడి ఇలాంటి వాళ్లకు చాలా మేలు చేసింది. చెడిన పొర మాత్రమే మారుతుంది, కుట్లు బాగా తగ్గుతాయి.

కొత్త కార్నియాను శరీరం ఏళ్ల తర్వాతైనా తిప్పికొట్టవచ్చు. నెలల తరబడి స్టెరాయిడ్ చుక్కలు మానకూడదు. కన్ను ఎర్రబడినా, వెలుతురు గుచ్చినా, చూపు మసకబారినా ఆలస్యం లేకుండా వైద్యుణ్ణి చేరాలి. షోలాపూర్ నుంచి హైదరాబాదుకు 300 కిలోమీటర్ల పైమాటే. చెకప్‌కు పోతే ఆ రోజు సాంచ ఆగుతుంది, కూలి పోతుంది. పల్లెల్లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ స్థానిక యువకులకు శిక్షణ ఇచ్చి నడిపే దృష్టి కేంద్రాల వంటిది నేతవాడల్లోనూ ఉంటే, అతికిన కార్నియా ఎర్రబడిన రోజునే దాన్ని చూసి పంపే మనిషి దొరుకుతాడు.