హంపి పోయాక కూడా రాజ్యం నిలబడేదా?

1565లో తళ్ళికోట యుద్ధంతో విజయనగరం అయిపోయిందని బళ్ళో చదువుకున్నాం. హంపి పోయింది, నిజమే. కానీ రామరాయలు తమ్ముడు తిరుమలరాయలు పెనుకొండ చేరి రాజ్యం నిలబెట్టాడు. 1586లో గద్దెక్కిన రెండో వెంకటపతిరాయలు గోల్కొండ సైన్యాన్ని పెనుకొండ దగ్గర తిప్పికొట్టాడు. చంద్రగిరి, వేలూరు ఆయన రాజధానులు. మధుర, తంజావూరు, జింజి నాయకులు ఎదురు తిరిగినా మళ్ళీ దారికొచ్చేవాళ్ళు. మర్రి మొదలు కూలినా ఊడలు నేల పట్టుకుని నిలబడ్డట్టు.

మరి ఆ ఊడలెందుకు పోయాయి? నా లెక్కలో తళ్ళికోట వల్ల కాదు, వాటాల తగాదా వల్ల.

1614లో వెంకటపతి పోయాడు. సొంత కొడుకు లేడు, అన్న కొడుకు శ్రీరంగరాయలుకి పట్టం కట్టి పోయాడు. జగ్గరాయుడు ఒప్పుకోక శ్రీరంగరాయల్ని భార్యాబిడ్డలతో సహా చంపించాడు. వెలుగోటి యాచమనాయకుడు రామదేవుడనే ఒక్క పిల్లాణ్ణి మాత్రం దాటించగలిగాడు. తంజావూరు పిల్లాడి వైపు, మధుర, జింజి జగ్గరాయుడి వైపు. కావేరి ఒడ్డున, కల్లణై ఆనకట్ట దగ్గర్లోని తోపూరులో కొట్టుకున్నారు. జగ్గరాయుడు చచ్చాడు, పిల్లాడు గెలిచాడు. గానీ నాయకుల మధ్య నమ్మకం మళ్ళీ అతకలేదు.

ఇప్పుడు తేదీలు చూడండి. 1636లో గోల్కొండ, బీజాపూర్ మొగలులతో సంధి చేసుకుని చూపు దక్షిణానికి తిప్పాయి. మూడో శ్రీరంగరాయలు అందర్నీ కూడగట్టబోతే మధుర తిరుమలనాయకుడు గోల్కొండతోనే చేతులు కలిపాడు. వేలూరు పోయింది. ఆ గోల్కొండే తన మీదికొస్తే అప్పుడు బీజాపూర్‌ని పిలిచాడు! గట్టు తగాదాకి పక్క ఊరివాణ్ణి పిలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

అదే ముగ్గురు నాయకులూ 1614లో ఒక్క మాట మీద ఉండుంటే? 1686లో బీజాపూర్, 1687లో గోల్కొండ రెండూ ఔరంగజేబు చేతిలో పడ్డాయి. అంటే తట్టుకోవాల్సింది యాభై ఏళ్ళే. తర్వాత మొగలులూ వచ్చేవాళ్ళనుకోండి. కానీ మరాఠాలు పట్టుకున్న ఒక్క జింజి కోట కోసమే వాళ్ళకి 1690 నుంచి 1698 దాకా పట్టింది.

మద్రాసు మాత్రం ఎలాగూ పుట్టేదే. 1639లో దామెర్ల వెంకటాద్రినాయకుడు కంపెనీకి ఆ ఇసుక దిబ్బ ఇచ్చింది బట్టల వ్యాపారం కోసం. కాకపోతే కంపెనీ వేలూరుకి కౌలు కడుతూ, అణిగి ఉండేది.

మధుర, కోవిల్‌పట్టి వైపు తెలుగు చుట్టాలున్నవాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో చెప్పుకునే వలస కథలు కింద రాయండి.