అలసంద వడల ఊరు

మన అలసంద వడకి దక్షిణ అమెరికాలో ఓ దూరపు చుట్టం ఉందంటే నమ్ముతారా? పేరు అకరజే. ఉండేది బ్రెజిల్ దేశంలో, బహియా రాష్ట్రపు ముఖ్యపట్టణమైన సల్వదోర్‌లో. సాయంత్రమయ్యేసరికి వీధి మలుపుల్లో ఆడవాళ్ళు తెల్లని లేసు పావడాలు చుట్టూ పరుచుకుని, తలకి గుడ్డ చుట్టి, మెళ్ళో పూసల దండలు వేసుకుని, బాణలి ముందు కూచుంటారు. వాళ్ళని ‘బహియానా’లంటారు.

అలసందలు నానబోసి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిపాయా ఉప్పూ కలిపి, పిండి తేలికపడేదాకా చెక్కగరిటెతో గిలక్కొట్టాలి. ఇంతవరకూ మనకి తెలిసిన విద్యే! తేడా అంతా నూనె దగ్గరుంది. వాళ్ళు వాడేది దెందే అనే ఎర్రటి పామాయిలు. వేగిన వడని మధ్యకి చీల్చి, లోపల ‘వతపా’ పెడతారు. రొట్టె, కొబ్బరిపాలు, వేరుశనగపప్పు, జీడిపప్పు, ఎండురొయ్యలు కలిపి ఉడికించిన ముద్ద అది. దాని మీద బెండకాయ కూరా, మరికాసిని ఎండురొయ్యలూ. చేతికిచ్చేముందు ‘వేడిగానా, చల్లగానా?’ అని అడుగుతారు. వేడి అంటే పొయ్యి వేడి కాదండోయ్, మిరపకాయ కారం!

మనం ‘బుడతకీచులు’ అని పిలుచుకున్న పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మన దేశపు మామిడీ పనసా అటు వెళ్ళాయి, జీడిమామిడి ఇటు వచ్చింది. కానీ అకరజే సరుకుగా రాలేదు. ఆఫ్రికా నుంచి సంకెళ్ళతో తెచ్చిన బానిసల జ్ఞాపకంలో వచ్చింది. యొరుబా భాషలో ‘అకర’ అంటే ఈ వడే. ‘జే’ అంటే తినడం.

సల్వదోర్‌ని పోర్చుగీసువాళ్ళు 1549లో కట్టారు. 1763 వరకూ బ్రెజిల్‌కి అదే రాజధాని. రెండంతస్తుల ఊరది. రేవూ బజారూ కింద, గుళ్ళూ మేడలూ కొండ మీద. ఆ రెంటినీ కలుపుతూ 1873లో లసెర్దా లిఫ్టు వచ్చింది. 72 మీటర్ల ఎత్తు అరనిమిషంలో ఎక్కేయొచ్చు. అంతకుముందు డబ్బున్నవాళ్ళు పల్లకీల్లో ఎక్కేవారు. మోసిందెవరో చెప్పనక్కర్లేదు కదా.

పై ఊళ్ళో అందరూ ఫొటోలు తీసుకునే పేట పెలొరీన్యో. గులాబి, నీలం, పసుపు రంగుల ఇళ్ళు, రాళ్ళు పరిచిన ఏటవాలు వీధులు. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. చూడముచ్చటగానే ఉంటుంది గానీ, పెలొరీన్యో అంటే అర్థం మనుషుల్ని కట్టేసి కొరడాలతో కొట్టే స్తంభం! దగ్గర్లోనే సాన్ ఫ్రాన్సిస్కో చర్చి ఉంది. లోపలి చెక్కపనికంతా బంగారు తాపడమే. 2025 ఫిబ్రవరిలో దాని పైకప్పు కొంత కూలి ఓ యాత్రికురాలు చనిపోయింది. నాకు మాత్రం ఆ బంగారం కంటే పెలొరీన్యోలోని నీలిరంగు చర్చి మీదే మక్కువ. 1704లో మొదలుపెట్టి, బానిసలూ విడుదలైనవాళ్ళూ తమ పని వేళలు ముగిశాక వచ్చి తమకోసం తాము కట్టుకున్న గుడి అది. శతాబ్దంలో చాలా భాగం దానికే పట్టింది.

ఇక అసలు విషయానికొస్తాను. ఆ రోజుల్లో యజమానులు కొందరు బానిస స్త్రీలని గంప నెత్తిన పెట్టి వీధిలోకి పంపేవారు. రోజుకో వారానికో ఇంతని లెక్కకట్టి యజమాని చేతిలో పొయ్యాలి. పైన మిగిలితే ఆమెది. ఎంత మిగులుతుంది చెప్పండి? అయినా ఆ చిల్లరే కూడబెట్టి, ఏళ్ళ తరబడి కూడబెట్టి, తమ విడుదల పత్రం తామే కొనుక్కున్నారు చాలామంది. కొందరు బిడ్డలనీ కొనుక్కున్నారు. మన ఇళ్ళల్లో పోపులడబ్బాలో డబ్బు దాచుకున్న అమ్మమ్మలని తలుచుకుంటే ఆ లెక్క కొంత అర్థమవుతుంది. కొంతే. మన అమ్మమ్మలు దాచింది తమని తాము కొనుక్కోడానికి కాదుగా!

ఇలా వీధిలో గంప వ్యాపారం చేసిన ఒకామె పేరు లూయిజా మహీన్. స్వతంత్రురాలే. బాప్తిస్మం పుచ్చుకోనని మొండికేసిన మనిషి. బానిసల తిరుగుబాట్లలో చెయ్యుందని అనుమానించి పట్టుకున్నారు కూడా. ఆమె కొడుకు లూయిజ్ గామా 1830లో సల్వదోర్‌లో పుట్టాడు. 1837లో తల్లి రియోకి వెళ్ళిపోయింది. 1840లో, పదేళ్ళ కొడుకుని కన్నతండ్రే అమ్మేశాడు. తండ్రి పెద్దింటివాడు, జూదంలో ఆస్తి పోగొట్టుకున్నవాడు.

సావోపాలోలో బానిసగా పెరిగిన ఆ కుర్రవాడు 17వ ఏట చదవడం నేర్చుకున్నాడు. తాను పుట్టుకతో స్వతంత్రుణ్ణని రుజువులు సంపాదించుకున్నాడు. కవి అయ్యాడు. పట్టా లేకుండానే కోర్టుల్లో వాదించి 500 మందికి పైగా విడిపించాడు. తల్లి కోసం 1847, 1856, 1861 సంవత్సరాల్లో రియోలో వెతికాడు. దొరకలేదు. 1880లో స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆమెని వర్ణించాడు: పొట్టిది, అందగత్తె, తెల్లని పలువరస, కష్టజీవి, గర్విష్ఠి, కోపిష్ఠి, పగ మర్చిపోనిది. కన్నతల్లిని దేవతని చెయ్యకుండా మనిషిగానే ఉంచిన కొడుకంటే, నవలలు రాసుకునేదాన్ని కదా, నాకు ప్రత్యేకమైన గౌరవం. అంత రాసినవాడు తండ్రి పేరు మాత్రం ఎక్కడా బయటపెట్టలేదు. 1882లో పోయాడు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో.

అకరజే వట్టి చిరుతిండి కాదు, నైవేద్యం కూడా. గాలివానల దేవత ఇయన్సాకి ప్రీతి. డిసెంబరు 4న, సెయింట్ బార్బరా పండగనాడు, ఊరంతా ఎరుపూ తెలుపూ కట్టి ఇద్దరినీ ఒకేసారి కొలుస్తుంది. సెప్టెంబరు 27న కవల సాధువుల పేర బెండకాయ కూర వండి, ముందుగా ఏడుగురు పిల్లలకి పెట్టిగాని పెద్దలు ముట్టరు.

బహియానాల వృత్తిని 2005లో ప్రభుత్వం జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. అయినా బతుకుతెరువు దగ్గరికొచ్చేసరికి మళ్ళీ పేచీ వచ్చింది. 2014 ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకి సల్వదోర్‌లో కొత్త స్టేడియం కట్టారు. పోటీల వేళ దాని చుట్టుపక్కల బయటివాళ్ళు తినుబండారాలు అమ్మకూడదన్నారు. పావడాలు సవరించుకుని ఆడవాళ్ళు వీధికెక్కారు. సంతకాలు పోగుచేశారు. చివరికి వాళ్ళకి చోటిచ్చారు. బంతి మైదానంలో దొర్లుతుంటే వడలు బాణలిలో దొర్లాయి. ‘వేడిగానా, చల్లగానా?’