తాలీంఖానా, ముఠా, జిమ్: బరువెత్తే సాథీల తారీఖ్



తెలుగులో కండలు తిరిగిన మనిషిని ‘వస్తాదు’ అంటారు. ఇది మన ‘ఉస్తాద్’ మాటే. ఫార్సీలో, ఉర్దూలో ఉస్తాద్‌కి కండలతో పనిలేదు. చదువు నేర్పినా, కుట్టుపని నేర్పినా, సితార్ నేర్పినా ఉస్తాదే. మరి తెలుగులోకి వచ్చేసరికి నేర్పేవాడు కాస్తా బలశాలి ఎట్లా అయ్యాడు? నాకు తోచే జవాబు ఒక్కటే. తెలుగు జనం ఆ ఉస్తాద్‌ని ఎక్కువగా చూసింది తాలీంఖానాలో. మట్టిలో నిలబడి పదిమంది కుర్రాళ్లతో కసరత్ చేయించే మనిషిగానే ఆయన వాళ్ల కళ్లలో నిలిచిపోయాడు.

తాలీం కూడా అట్లాంటి మాటే. అరబీలో ‘ఇల్మ్’ అంటే జ్ఞానం. తాలీం దాన్నించే పుట్టింది, అంటే నేర్పడం. మదరసాలో జరిగేదీ తాలీమే, మట్టిలో జరిగేదీ తాలీమే. కసరత్ అనే మాటకి మూలం ‘కస్రత్’, అంటే ఎక్కువ కావడం. చేసిందే మళ్లీ మళ్లీ చేయడం అన్నమాట. పహిల్వాన్, కుస్తీ ఫార్సీ నుంచి వచ్చాయి. దండ్, బైఠక్ మన దగ్గర దండీలు, బస్కీలు అయ్యాయి. తెలుగువాళ్లకి సాము, గరిడీ అని సొంత మాటలు ముందే ఉన్నాయి. వాటి పక్కనే ఇవీ వచ్చి కూర్చున్నాయి. ఎవరూ ఎవర్నీ లేపలేదు.

ఇప్పుడీ మాటల గొడవ ఎందుకంటే, మన ఇళ్లలో నడుస్తున్న ఒక బహస్ వల్ల. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో జిమ్‌లు వచ్చాయి. పదిమందిని ఒక్కచోట చేర్చి, ఇద్దరిద్దర్ని జోడీ కట్టి, ఇనప కడ్డీకి చక్రాలెక్కించి ఎత్తించే క్లాసులూ వచ్చాయి. కొడుకు వెళ్తానంటే అబ్బా ‘పైసల్ దండగ’ అంటాడు. కూతురు వెళ్తానంటే ఇంట్లో గాలి ఆగిపోతుంది. ‘ఇదంతా అంగ్రేజీ షోకు, మనది కాదు’ అన్నది పెద్దవాళ్ల ఆఖరి మాట. మనది కాదా? తారీఖ్‌లోకి వెళ్లి చూద్దాం.

ఇరాన్‌లో ‘జూర్‌ఖానా’ అని ఉంటుంది, బలం పెంచుకునే ఇల్లు. మధ్యలో నేలకంటే లోతుగా తవ్విన గుంట. దాన్ని గౌద్ అంటారు. అందులో దిగినవాళ్లంతా కలిసి కసరత్ చేస్తారు. ఎత్తుగా ఉన్న అరుగు మీద మురషిద్ కూర్చుని డోలు వాయిస్తూ, షాయరీ చదువుతూ ఉంటే ఆ తాళానికి వీళ్లు చెక్క గదలు తిప్పుతారు. వాటిని ‘మీల్’ అంటారు. ‘సంగ్’ అని ఇంకో కసరత్ ఉంది. వెల్లకిలా పడుకుని డాలు లాంటి రెండు బరువైన చెక్క పలకల్ని చెరో చేత్తో ఎత్తడం. ఎత్తుతున్నంతసేపూ పక్కన ఒకరు పైకి లెక్క చెబుతుంటారు. నేటి జిమ్‌లో బెంచీ మీద పడుకుని బరువెత్తే కుర్రాడినీ, తలవైపు నిలబడి లెక్కపెట్టే సాథీనీ చూస్తే నాకు ఆ సంగ్ గుర్తొస్తుంది. 2010లో యునెస్కో ఈ జూర్‌ఖానా సంప్రదాయాన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది.

హిందూస్తాన్‌కి ఈ ఇల్మ్ రాజ దర్బారుల దారిన కూడా వచ్చింది. అక్బర్ దర్బారులో ఇరాన్, తూరాన్ పహిల్వాన్లు ఉండేవారని అబుల్ ఫజల్ రాసిపెట్టాడు. ఇక్కడ మల్లయుద్ధం అంతకు ముందే ఉంది. రెండూ కలిస్తే వచ్చింది మన అఖాడా. దక్కన్‌లో 1518 నుంచి 1687 దాకా ఏలిన గోల్కొండ కుతుబ్‌షాహీలకి ఇరాన్‌తో గట్టి రిష్తా ఉండేది. వాళ్ల పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడికి ఇరానీ వ్యాపారులు వచ్చేవారు. ఏలూరు తివాచీ నేత కూడా ఆ ఇరానీ హునర్ కొనసాగింపే. గోల్కొండ కోటలో బాలా హిస్సార్ దర్వాజా దగ్గర ఒక ఇనప గుండు ఉంటుంది. ఫౌజులో చేరాలంటే దాన్ని ఎత్తి చూపించాలనేవారని గైడ్లు చెబుతారు. అది నిజమో కిస్సానో గానీ, బలానికి ఒక ఇమ్తిహాన్ ఉండాలన్న ఖయాల్ మాత్రం జనంలో ఉంది.

తర్వాత ఏలూరు సర్కారు నిజాం చేతిలోంచి 1753లో ఫ్రెంచివాళ్లకీ, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే ఇంగ్లీషు కంపెనీకీ పోయింది. నవాబుల ఫౌజులు పోయాయి. ఫౌజు లేకపోతే పహిల్వాన్‌కి జీతమెవరిస్తారు? తాలీంఖానా మొహల్లా పాలైంది, పీర్ల పండుగ కర్రసాములో, కత్తిసాములో మిగిలింది. బలం మాత్రం వేరే పనిలోకి వెళ్లింది. నా లెక్కలో ఈ తారీఖ్‌లో అసలు ఘట్టం అదే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కొద్ది ఏళ్లలోనే బెజవాడ దగ్గర కృష్ణ మీద కూడా ఆనకట్ట వచ్చింది. గోదావరి కాలువ, కృష్ణ కాలువ ఏలూరులో కలుస్తాయి. డెల్టాలో వరి పండింది, కాలువల్లో పడవలు నడిచాయి. 1890లలో రైలొచ్చింది. పడవలోంచి ఒడ్డుకి, ఒడ్డు నుంచి బండికి, బండి నుంచి వ్యాగన్‌కి ధాన్యాన్ని ఎక్కించాలి, దించాలి. ఎవరు? హమాలీలు.

హమాలీ అరబీ మాట. హమ్మాల్ అంటే మోసేవాడు. బస్తా ఫార్సీ, కట్టినది అని అర్థం. తరాజు ఫార్సీ. వజన్, దలాలీ అరబీ. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో, రైసు మిల్లుల్లో రోజూ నలిగే మాటల్లో ఎన్ని మన దస్తర్‌ఖాన్ మీద నుంచి వెళ్లాయో చూడండి. ఆ మాటలతో పాటు మన మనుషులూ వెళ్లారు. దూదేకుల కుటుంబాల నుంచి, షేకుల ఇళ్ల నుంచి ఎందరో ముఠాల్లో చేరి పిల్లల్ని పెంచారు. అది హలాల్ కమాయీ.

ముఠా పని చూసినవాళ్లకి తెలుసు, అది గుడ్డి బలం కాదు. మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. దాన్ని ఒక్కడే నేలమీంచి వీపుకెత్తుకోడు. ఇద్దరు చెరో కొసా పట్టి, ఒక్క ఊపులో లేపి, మూడోవాడి వీపు మీద పెడతారు. వీపు ఇచ్చేవాడు మోకాళ్లు కొద్దిగా వంచి, ఊపిరి బిగబట్టి ఉంటాడు. ఎత్తే ఇద్దరిలో ఒకడు అర క్షణం ఆలస్యమైతే బస్తా పక్కకి ఒరుగుతుంది, మెడ పట్టేస్తుంది. అందుకే పైకి ఒక మాట అంటారు, ఆ మాట మీదే ముగ్గురూ కదులుతారు. తర్వాత బల్లమీద నడిచి లారీ ఎక్కాలి. అది ఊగుతూ ఉంటుంది, దాని ఊపుకి అడుగు కలపాలి. కొత్త కుర్రాడు వస్తే మొదట్లో మొయ్యనివ్వరు, కొసలు పట్టిస్తారు. ఇదీ తాలీమే. ముఠా మేస్త్రీ ఇక్కడ ఉస్తాద్. బస్తాకింత అని వచ్చిన కూలీని ముఠా అంతా పంచుకుంటుంది.

కొల్లేటి గట్ల మీద ఇదే కథ చేపలతో నడుస్తుంది. చెరువులో వల లాగేటప్పుడు ఇరవై చేతులు ఒక్క తాడు మీద ఉంటాయి. ఐసు వేసి నింపిన చేపల ట్రేని ఇద్దరు చెరోవైపు పట్టి లారీ మీదికి అందిస్తారు. ఆ లారీలు బెంగాల్, అస్సాం దాకా పోతాయి.

అయితే ఈ మెహనత్‌ని రొమాంటిక్ చేసి రాయడం నాకిష్టం లేదు. 10 టన్నుల లారీ అంటే 50 కిలోల బస్తాలు 200. నలుగురు మోస్తే తలకి 50 బస్తాలు, అంటే 2,500 కిలోలు. ఒక్క లారీకే అంత. మగవాడు రోజూ మోసే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన 75 కిలోల బస్తాని ఆ లెక్క పక్కన పెట్టి చూడండి. జిమ్‌లో బరువు మెల్లగా పెంచుతారు, మధ్యలో ఆరాం ఇస్తారు, నొప్పి వస్తే దించేస్తారు. హమాలీ నొప్పి వచ్చినా దించలేడు, దించితే ఆ రోజు రిజ్క్ లేదు. నలభై దాటేసరికి నడుం పోయిన హమాలీలు మన రిష్తేదారుల్లోనే ఉన్నారు. కొడుకు జిమ్‌కి పోతానంటే ‘బస్తాలు మొయ్యి, అదే కసరత్’ అనే పెద్దలు ఈ ఫరఖ్ గమనించాలి.

బరువెత్తడం ఆటగా కూడా మన తెలుగు నేలకి కొత్త కాదు. వీరఘట్టంలో 1882లో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గొలుసులు తెంపి, ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకుని, సర్కస్‌తో దేశాలు తిరిగాడు. దండమూడి రాజగోపాలరావు 1948 లండన్ ఒలింపిక్స్‌లో బరువెత్తాడు, 1951 ఢిల్లీ తొలి ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచాడు. ఆ ఢిల్లీ పోటీల్లో బరువుల దగ్గర పైచేయి ఇరాన్ వాళ్లది. జూర్‌ఖానాల దేశం నుంచి వచ్చినవాళ్లూ, కృష్ణా డెల్టా పల్లె నుంచి వెళ్లినవాడూ ఒకే వేదిక ఎక్కారు. ఇక ఉత్తరాదిలో గామా పహిల్వాన్ సంగతి అందరికీ తెలిసిందే. 1910లో లండన్‌లో, 1928లో పాటియాలాలో జిబిస్కోతో తలపడ్డ గామా, రోజూ 40 మంది సాథీలతో జోర్ చేసేవాడని చెబుతారు. అంతటి గామాకీ సాథీలు లేకుండా తాలీం లేదు.

దీన్ ఏమంటుందని అడిగేవాళ్లకి రెండు మాటలు. ఖందఖ్ తవ్వినప్పుడు మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం సహాబాలతో కలిసి స్వయంగా మట్టి మోశారు. మస్జిదె నబవీ కట్టేటప్పుడు అందరూ ఒక్కో ఇటుక మోస్తే హజ్రత్ అమ్మార్ రెండేసి మోశారు. రుకానా అనే పహిల్వాన్‌తో ప్రవక్త కుస్తీ పట్టిన రివాయత్ ఉంది. హజ్రత్ ఆయిషాతో పరుగు పందెం వేసిన హదీస్ ఉంది. అసలు బలవంతుడు ఎదుటివాణ్ని పడేసేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనని తాను పట్టుకునేవాడు అన్న తాలీమూ అక్కడిదే. బఖరా సూరా ఆఖరి ఆయత్‌లోని దుఆలో, తాఖత్‌కి మించిన బరువు మా మీద వేయొద్దని అడుగుతాం. హమాలీకి మూలమైన ‘హమల్’, మనం రోజూ వాడే ‘తాఖత్’ రెండూ అందులో ఉన్నాయి.

ఇక ఆడపిల్లల మాట. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బరువుల పోటీ 2000లోనే మొదలైంది. మొదలైన ఆ ఏడాదే సిడ్నీలో శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లేశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. మన దేశపు ఆడవాళ్లకి అదే తొలి ఒలింపిక్ పతకం. ఆ ఇంట్లో అక్కచెల్లెళ్లు కూడా బరువులెత్తారు. అక్కకి చెల్లి, చెల్లికి అక్క సాథీ. లిబాస్ వల్ల కుదరదంటారా? పాకిస్తానీ మూలాలున్న అమెరికన్ కుల్సూమ్ అబ్దుల్లా చేతులూ కాళ్లూ తలా కప్పుకునే పోటీ చేస్తానని పట్టుబట్టింది. 2011లో అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య నియమం మార్చింది. అదే ఏడాది ఆమె పారిస్ ప్రపంచ పోటీల్లో పాకిస్తాన్ తరఫున ఎత్తింది. కేరళలో మజీజియా భాను దంతవైద్యం చదువుతూనే హిజాబ్‌తో పవర్‌లిఫ్టింగ్ చేసింది. మన ఇళ్లలో అమ్మీలు రెండు బిందెలు చెరో చంకన మోసినప్పుడు, పెళ్లి దావత్‌లో ఇద్దరు ఖాలాలు బిర్యానీ దేగ్‌ని చెరోవైపు పట్టి దించినప్పుడు ‘ఆడవాళ్లు బరువెత్తకూడదు’ అని ఎవరూ అనలేదు కదా. పని కోసం ఎత్తితే సరే, సెహత్ కోసం ఎత్తితే కాదంటే ఆ లెక్క నాకు అర్థం కాదు. ఆడవాళ్ల వేళ వేరుగా ఉందా, నేర్పేది ఎవరు, పక్కన నిలబడే సాథీ ఎవరు అని అడగండి. అది అమ్మానాన్నల హక్కు. ఆ సవాళ్లకి జవాబు దొరికాక పంపకపోవడానికి కారణం మిగలదు.

కొడుకులకి కూడా ఒక మాట. ఉస్తాద్ లేకుండా ఫోన్‌లో వీడియో చూసి, సాథీ లేకుండా తాఖత్‌కి మించి ఎక్కించుకుంటే అది తాలీం కాదు, ఉత్త జిద్దు. ఛాతీ మీద కడ్డీ ఆగిపోయినప్పుడు తియ్యడానికి రెండు చేతులు కావాలి. సాథీ ఎత్తలేకపోతే నవ్వకపోవడం, తన వంతు అయ్యాక చక్రాలు తీసి పక్కనపెట్టడం, కొత్తవాడికి చోటివ్వడం అఖాడా అదబ్. అది ముఠాలో ఇంకా బతికే ఉంది. జనాజాకి కాంధా ఇచ్చేటప్పుడు మనమంతా పాటించేదీ అదే. ముందున్నవాడు అలిసేలోపే వెనకవాడు భుజం పెడతాడు, ఎవరూ పిలవక్కర్లేదు.

మీ మొహల్లాలో ఒకప్పుడు తాలీంఖానా ఉండేదా? ఎక్కడ, ఎవరు ఉస్తాద్? మీ ఇంట్లో ముఠాలో పనిచేసిన దాదా, నానా ఉంటే కూర్చోబెట్టి అడగండి. ఎత్తేటప్పుడు ఏ మాట అనేవారో, కొసలు ఎవరు పట్టేవారో రాసిపెట్టండి. ఈ తారీఖ్‌లో పెద్దభాగం ఇంకా వాళ్ల నోట్లోనే ఉంది.

అల్లాహ్ హాఫిజ్.