ఆల్డర్స్‌గేట్ తరువాత: రక్షణ నిశ్చయతను గూర్చి వెస్లీ బోధలో వచ్చిన మార్పు

“మీరు రక్షింపబడ్డారా? ఏ తేదీన?” అనే ప్రశ్న మన ఉజ్జీవ కూటాలలోను, సాక్ష్యాల సమయంలోను తరచుగా వినబడుతుంది. తేదీ చెప్పగలిగినవారు ధైర్యంగా నిలబడతారు. చెప్పలేనివారు, చిన్ననాటి నుండి ప్రభువును ప్రేమిస్తూ వచ్చినవారైనా సరే, తలవంచుకుంటారు. ఈ ప్రశ్న వెనుక ఉన్న బోధకు ఒక చరిత్ర ఉంది. అందులో జాన్ వెస్లీ (1703–1791) స్థానం ముఖ్యమైనది. 1738 మే 24న ఆయన పొందిన అనుభవాన్ని మనం ప్రసంగాలలో ఉదహరిస్తూనే ఉంటాం. ఆ తరువాతి యాభై సంవత్సరాలలో ఆయన తన బోధను ఎలా సరిదిద్దుకున్నాడో మాత్రం అంతగా ప్రస్తావించం. ఈ వ్యాసంలో ఆ సంగతిని పరిశీలిద్దాం.

సంస్కరణ కాలపు నేపథ్యం

ఈ ప్రశ్న వెస్లీతో పుట్టింది కాదు. దేవుని ప్రత్యేక ప్రత్యక్షత లేకుండా ఎవరూ తాము ఏర్పరచబడినవారిలో ఉన్నామని నిశ్చయంగా ఎరుగలేరని 1547లో ట్రెంట్ మహాసభ తీర్మానించింది. కాల్విన్ అయితే, విశ్వాసమంటేనే మనయెడల దేవునికి గల దయను గూర్చిన స్థిరమైన జ్ఞానమని బోధించాడు. అదే సమయంలో విశ్వాసి సందేహాలతో పోరాడతాడని కూడా ఒప్పుకున్నాడు. 1646 నాటి వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం తన 18వ అధ్యాయంలో, నిజమైన విశ్వాసి సైతం నిశ్చయత కొరకు చాలాకాలం కనిపెట్టవలసి రావచ్చని చెప్పింది. అంటే విశ్వాసమూ నిశ్చయతా ఒకటేనా అనే చర్చ వెస్లీకి ముందే సంఘంలో ఉన్నది.

జార్జియా నుండి ఆల్డర్స్‌గేట్ వరకు

వెస్లీ 1728లోనే ఆంగ్లికన్ సంఘంలో గురువుగా అభిషేకం పొందాడు. 1736 జనవరిలో జార్జియాకు ఓడలో వెళ్తున్నప్పుడు తుఫాను చెలరేగింది. మొరేవియన్ విశ్వాసులు నెమ్మదిగా కీర్తనలు పాడుతుండగా, తాను మరణానికి భయపడుతున్నానని ఆయన గ్రహించాడు. ఆ ఫిబ్రవరిలో మొరేవియన్ నాయకుడు స్పాంగెన్‌బర్గ్ ఆయనను సూటిగా ప్రశ్నించాడు: దేవుని ఆత్మ నీ ఆత్మతో సాక్ష్యమిస్తున్నాడా? క్రీస్తు నిన్ను రక్షించాడని నీకు తెలుసా? వెస్లీ ఏదో జవాబు చెప్పాడు గాని, అవి వట్టి మాటలేమోనని తన దినచర్యలో వ్రాసుకున్నాడు.

1738లో ఇంగ్లండుకు తిరిగి వచ్చాక పీటర్ బోలర్ ఆయనతో మాట్లాడుతూ, నిజమైన విశ్వాసంతోపాటు పాపక్షమాపణ నిశ్చయత, సమాధానం తప్పక వస్తాయని బోధించాడు. మే 24 సాయంకాలం లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో, రోమా పత్రికకు లూథర్ వ్రాసిన ముందుమాట చదువుతుండగా, క్రీస్తు తన పాపాలను తీసివేశాడనే నిశ్చయత వెస్లీకి కలిగింది.

అయితే పోరాటం అక్కడితో ముగియలేదు. ఆ రాత్రే శోధనలు తిరిగి వచ్చాయి. ఆ ఆగస్టులో హెర్న్‌హూట్‌లో, విశ్వాసంలో బలహీనులైనవారు కూడా దేవునిచేత క్షమింపబడినవారేనని క్రిస్టియన్ డేవిడ్ ప్రసంగించగా విన్నాడు. 1739 జనవరి 4న మాత్రం, దేవుని ప్రేమ తనలో లేదని, తాను క్రైస్తవుడను కానని వెస్లీ వ్రాసుకున్నాడు. ఆల్డర్స్‌గేట్ జరిగి అప్పటికి ఎనిమిది నెలలైనా కాలేదు!

బోధలో వచ్చిన మార్పు

1744లో జరిగిన మొదటి మెథడిస్టు కాన్ఫరెన్సు, ఎవరూ తనకు తెలియకుండా నీతిమంతునిగా తీర్చబడలేరని తీర్మానించింది. మరుసటి సంవత్సరమే స్వరం మారింది. క్షమాపణను గూర్చిన స్పృహ లేకపోయినా దేవుని దయలో ఉన్నవారు కొందరు ఉండవచ్చుననే మాటను తాము కాదనలేమని 1745 కాన్ఫరెన్సు ఒప్పుకున్నది. 1747లో తమ్ముడు చార్లెస్‌కు వ్రాసిన ఉత్తరంలో, నీతిమంతునిగా తీర్చే విశ్వాసమంటే క్షమించబడ్డాననే స్పృహయే అనే అభిప్రాయాన్ని జాన్ తిరస్కరించాడు. 1768లో వ్రాసిన మరొక ఉత్తరంలో, అటువంటి స్పృహ ఆ విశ్వాసానికి అత్యవసరమని తాను చాలాకాలంగా భావించడం లేదన్నాడు. 1788లో విశ్వాసాన్ని గూర్చి వ్రాసిన ప్రసంగంలో దాసుని విశ్వాసానికీ కుమారుని విశ్వాసానికీ ఉన్న భేదాన్ని స్పష్టంగా చూపించాడు (గలతీ 4:1–7). దేవునికి భయపడి నీతిగా నడుచుకునే దాసుడు కూడా ఆయనకు అంగీకృతుడే. ఈ భేదాన్ని తొలినాళ్లలో మెథడిస్టు బోధకులు సరిగా గ్రహించలేదని ఆ వృద్ధుడు దాచకుండా చెప్పాడు.

అలాగని వెస్లీ నిశ్చయతను విడిచిపెట్టలేదు. దాసుడు దాసునిగానే ఉండిపోవాలని ఆయన చెప్పలేదు. కుమారుని విశ్వాసం కొరకు ముందుకు సాగాలని ప్రోత్సహించాడు. ఆత్మ సాక్ష్యాన్ని గూర్చిన రెండవ ప్రసంగంలో (1767) రోమా 8:16ను ఆధారం చేసుకొని, ఆత్మ నేరుగా ఇచ్చే సాక్ష్యాన్ని గట్టిగా సమర్థించాడు. ఫలాలు లేని సాక్ష్యం మీద గాని, సాక్ష్యం లేని ఫలాల మీద గాని ఎవరూ ఆనుకొనరాదని హెచ్చరించాడు.

మన పరిచర్యకు పాఠం

ఈ చరిత్ర నుండి కాపరులమైన మనం రెండు సంగతులు గ్రహించాలి. మొదటిది, నిశ్చయత దేవుని బిడ్డలందరి స్వాస్థ్యం. దానిని ప్రకటించడం మానివేస్తే సంఘాన్ని భయంలో వదిలివేసినవారమవుతాం. యోహాను తన మొదటి పత్రికను విశ్వాసులకు వ్రాసింది, తాము నిత్యజీవం గలవారమని వారు తెలుసుకోవాలనే (1 యోహాను 5:13). రెండవది, ఆ స్వాస్థ్యాన్ని ప్రవేశపరీక్షగా మార్చే అధికారం మనకు లేదు. మనలను రక్షించేది క్రీస్తు. ఆయన యందలి విశ్వాసం బలహీనమైనదైనా ఆయననే పట్టుకుంటుంది. నిశ్చయత ఆ విశ్వాసానికి కలిగే ఆదరణ.

కాబట్టి బాప్తిస్మానికి సిద్ధపడుతున్న యౌవనస్థుడు గాని, మరణపడకపై ఉన్న వృద్ధురాలు గాని, తేదీ చెప్పలేక కన్నీరు పెట్టుకున్నప్పుడు మనం అడగవలసిన ప్రశ్న వేరు. ఇప్పుడు ఎవరి మీద ఆనుకొని ఉన్నారని అడుగుదాం. క్రీస్తు మీదనే అని వారు చెబితే, వాగ్దానాన్ని వారికి చదివి వినిపిద్దాం. వారితో కలిసి ప్రార్థించి, ఆత్మ సాక్ష్యం కొరకు కనిపెడదాం. తన మొదటి ఉద్రేకాన్ని వాక్యపు వెలుగులో సరిదిద్దుకోవడానికి వెస్లీ సిగ్గుపడలేదు. మన ప్రశ్నలను సరిదిద్దుకోవడానికి మనమూ వెనుకాడనవసరం లేదు.